డెక్కన్ ఎయిర్‌వేస్: ఒక చిన్న విమాన కంపెనీ కథ

నరసన్నపేటలో శ్రీకాకుళం బస్సు ఎక్కేవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. వేళ అయినదంటే, నలుగురే ఎక్కినా సరే, బస్సు కదలవలసినదే. అదే బస్సును పెళ్ళివారు కిరాయికి మాట్లాడుకుంటే వారు చెప్పిన వేళకు, వారు చెప్పిన ఊరికి పోతుంది. అప్పుడు సీట్లు ఖాళీగా ఉన్నా యజమానికి చింత లేదు. బస్సు మొత్తానికి ఆయన ధర కుదుర్చుకున్నాడు.

విమానాలలోనూ ఈ రెండు పద్ధతులు ఉన్నవి. కాలపట్టిక ప్రకారం నడుస్తూ సీటు చొప్పున టిక్కెట్లు అమ్మేది మొదటిది. ఒక పనికి గాను విమానం మొత్తాన్ని కిరాయికి ఇచ్చేది రెండవది. దీనినే చార్టర్ అంటారు. తెలుగునేలపై పుట్టి, ఎనిమిది సంవత్సరాలు మాత్రమే బతికిన డెక్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ చరిత్రను పరిశీలిస్తే చిన్న విమాన కంపెనీలు ఎట్లా బతుకుతవో, ఎందుకు నిలవలేకపోతవో తెలుస్తుంది.

రైల్వే ఇంట పుట్టిన విమానాలు

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది. ఆ సంవత్సరమే అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపారు. బొంబాయి నుంచి ఆ టపాను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. కొంతకాలానికి ఆ మార్గంలో బళ్లారి స్థానే హైదరాబాదు మజిలీ అయినది.

ఈ రెండు పాయలూ 1945లో కలిసినవి. నిజాం రాష్ట్ర రైల్వే పెద్ద వాటాదారుగా, టాటా సంస్థ చిన్న వాటాదారుగా డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడినది. 1946లో బేగంపేట నుంచి దాని సర్వీసులు మొదలై మద్రాసు, బెంగుళూరు, బొంబాయి, నాగపూరు, ఢిల్లీలను హైదరాబాదుతో కలిపినవి. ఒక రైల్వే సంస్థ చేతిలో రైలు, బస్సు, విమానం మూడూ ఉండటం ఆనాటి భారతదేశంలో అరుదైన సంగతి.

డకోటా విమానం

ఈ కంపెనీ నడిపినవి డకోటా విమానాలు, అనగా డగ్లస్ డి.సి.-3 రకానివి. రెక్కల నిడివి 29 మీటర్లు. చెరొకటి 1200 అశ్వశక్తి గల రెండు ఇంజన్లు. వేగం గంటకు సుమారు 270 కిలోమీటర్లు. ఇరవై, ఇరవైఐదు మంది ప్రయాణీకులు పడతారు. తోక కింద చిన్న చక్రం ఉండటం వల్ల నేలమీద ఉన్నప్పుడు విమానం ముక్కు పైకెత్తి నిలబడుతుంది. ఎక్కినవారు తమ సీటుకు గట్టెక్కినట్లుగా నడవాలి. లోపలి గాలిపీడనాన్ని నిలిపే ఏర్పాటు లేదు గనుక చాలా ఎత్తుకు పోరాదు. అందుచేత వానకాలపు మబ్బుల మీదుగా కాక, వాటి నడుమనే కుదుపులు పడుతూ సాగవలసి వచ్చేది.

రెండవ ప్రపంచయుద్ధం ముగియగానే అమెరికా సైన్యానికి అక్కరలేని డకోటాలు మనదేశంలో చౌకగా అమ్మకానికి వచ్చినవి. దానితో విమాన కంపెనీలు పుట్టగొడుగులవలె లేచినవి. కొనడం తేలికే, నడపడమే కష్టం. ఆ కష్టం ఎక్కడ ఉన్నదో చిన్న లెక్కతో చూద్దాం.

గంటల లెక్క

ఒక విమానానికి నెలకు వడ్డీ, భీమా, సిబ్బంది జీతాలు, షెడ్డు ఖర్చు కలిపి 30,000 రూపాయలు అనుకుందాం. ఇది ఊహించిన అంకె మాత్రమే. విమానం ఎగిరినా, ఎగరకపోయినా ఈ ఖర్చు తప్పదు. నెలకు 60 గంటలు ఎగిరితే గంటకు 500 రూపాయల భారం పడుతుంది. 150 గంటలు ఎగిరితే 200 రూపాయలే. పెట్రోలు ఖర్చు, అనగా గంటకు సుమారు 350 లీటర్లు, దీనికి అదనం. అది ఎగిరిన గంటలతోపాటే పెరుగుతుంది.

కనుక విమానానికి సంపాదన ఆకాశంలో ఉన్న గంటలలోనే. పెద్ద కంపెనీ తన విమానాలను పలు మార్గాలలో తిప్పి గంటలు పెంచుకోగలదు. నాలుగైదు మార్గాలు మాత్రమే ఉన్న చిన్న కంపెనీకి ఆ వీలు లేదు. మిగిలిన గంటలకు దొరికే పనే కిరాయి పని.

కిరాయి పనుల కాలం

1947లో అటువంటి పనులు అనేకం వచ్చినవి. దేశవిభజన వేళ కాందిశీకులను చేరవేయడానికి ప్రైవేటు కంపెనీల విమానాలు పనిచేసినవి. అక్టోబరు 27న శ్రీనగరుకు సైనికులను దింపిన డకోటాలలో ఈ కంపెనీలవి కూడా ఉన్నవి. మన పొరుగున ఒరిస్సాకు చెందిన బిజూ పట్నాయక్ స్థాపించిన కళింగ ఎయిర్‌లైన్స్ ఇటువంటి పనులకు పేరు పొందినది. అదే సంవత్సరం జులైలో ఆయన డచ్చివారి కట్టడిని తప్పించి ఇండొనేషియా మాజీ ప్రధాని షహ్రీర్‌ను విమానంలో తెచ్చారు.

కిరాయి విమానానికి నిర్ణీతమైన మార్గం లేదు. కాబట్టి మంచి పనికీ చెడు పనికీ కూడా అది అందుబాటులో ఉంటుంది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియన్ విమానాలతో కరాచీ నుంచి హైదరాబాదు సంస్థానానికి రాత్రివేళ ఆయుధాలు చేరవేశాడు. ఆ సెప్టెంబరులోనే భారతసేన హైదరాబాదు ప్రవేశించినది.

నాగపూరులో అర్ధరాత్రి

కిరాయి పని ఎప్పుడు వస్తుందో తెలియదు. ప్రతిరోజూ దొరికే పని ఒకటి కావాలి. అది రాత్రి టపా రూపంలో వచ్చినది. 1949 జనవరిలో మొదలైన ఈ సర్వీసును వేరే కంపెనీలు నడిపిన తరువాత డెక్కన్ ఎయిర్‌వేస్ చేపట్టినది.

దీని ఏర్పాటు విద్యార్థులు గమనింపదగినది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు అనే నాలుగు నగరాలను రెండేసి చొప్పున కలిపితే ఆరు జతలు అవుతవి. తెల్లవారేసరికి ప్రతి జత మధ్య ఇరువైపులా టపా చేరాలంటే 12 విమానాలు కావాలి. ఢిల్లీ నుంచి మద్రాసుకు డకోటా పోవడానికే ఆరు గంటలు దాటుతుంది గనుక అదే రాత్రి తిరిగి రాలేదు. అయితే నాలుగు నగరాల నుంచి నాలుగు విమానాలు నడిమధ్య ఉన్న నాగపూరుకు వస్తే? బొంబాయి నుంచి అది సుమారు 690 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి 855, మద్రాసు నుంచి 900, కలకత్తా నుంచి 970. అన్నీ మూడు, మూడున్నర గంటల ప్రయాణాలే. అర్ధరాత్రి నాలుగూ అక్కడ కలుస్తవి. సంచులు, ప్రయాణీకులు ఒక విమానం నుంచి ఇంకొక విమానానికి మారుతారు. తెల్లవారేసరికి ప్రతి విమానం తన ఊరు చేరుతుంది. 12 విమానాల పని నాలుగింటితో తీరినది! నగరాలు న అయితే జతలు న(న−1)/2. కూడలి పద్ధతిలో విమానాలు న మాత్రమే.

రాత్రి షెడ్డులో పడి ఉండే గంటలు ఈ విధంగా సంపాదన గంటలైనవి. 1949 ఏప్రిల్ నుంచి అదనపు రుసుము లేకుండానే ఉత్తరాలు విమానాలలో పోసాగినవి. సామాన్యుని ఉత్తరానికి రెక్కలు వచ్చినవి.

ప్రాణాల లెక్క

అయితే నేలమీద గడిచే గంటలన్నీ వృథా కావు. వాటిలో కొన్ని మెకానిక్కులవి, కొన్ని వైమానికుల నిద్రవి. గంటలు పెంచుకునే ఆత్రంలో వీటిని తగ్గించరాదు. 1952లో డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు నాగపూరులోను, ఢిల్లీలోను ప్రమాదాలకు గురి అయి ప్రాణనష్టం జరిగినది. 1953 డిసెంబరు 12న, కంపెనీ జాతీయం అయిన కొద్ది నెలలకే, నాగపూరు నుంచి మద్రాసుకు లేచిన రాత్రి టపా విమానం ఇంజన్ ఆగి కూలి 13 మంది మరణించారు. ఈ ప్రమాదాలన్నిటికీ గంటల ఒత్తిడే కారణమని అనరాదు. కాని రెండు ఇంజన్లు ఉండగా ఒకటి ఆగితే విమానం ఎందుకు కూలాలి అనే ప్రశ్న వస్తుంది.

విమానం అదే ఎత్తున సాగడానికే 1000 అశ్వశక్తి కావాలనుకుందాం. ఇదీ లెక్క కోసమే. రెండు ఇంజన్ల 2400లో మిగులు 1400. పైకెక్కడానికి ఉపయోగపడేది అదే. ఒక ఇంజన్ ఆగితే మిగులు 200. శక్తి సగం తగ్గితే ఎక్కే బలం ఏడవ వంతుకు పడిపోయినది! పైగా ఆగిన ఇంజన్ పంఖా గాలికి అడ్డు తగులుతుంది. దాని రేకులను వెంటనే గాలికి అంచుగా తిప్పాలి. ఉన్న ఇంజన్ విమానాన్ని ఒక పక్కకు లాగుతుంది, దానిని సరిదిద్దాలి. ఇదంతా కొన్ని క్షణాలలో, నేలకు దగ్గరగా, చీకటిలో జరగాలి.

అటువంటి పనికి స్త్రీలు తగరని ఆనాడు చాలామంది భావించారు. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను పలు కంపెనీలు తిరస్కరించినవి. ఆమెను తీసుకున్నది డెక్కన్ ఎయిర్‌వేస్. మనదేశంలో ప్రయాణీకుల విమానం నడిపిన మొదటి మహిళా వైమానికురాలు ఆమెయే. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచారు. అయితే ఈ కంపెనీలో ఆమె సహ వైమానికురాలిగానే ఉండిపోయారు. తలుపు తెరిచినా పెద్ద కుర్చీ మాత్రం ఇవ్వలేదు.

ముగింపు

గంటల లెక్క అన్ని కంపెనీలకూ ఒకటే. అంబికా, జూపిటర్ వంటివి రెండు మూడేళ్ళలోనే మూతపడినవి. దేశంలో ఉన్న ప్రయాణీకులకు మించి కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారని 1950లో న్యాయమూర్తి రాజాధ్యక్ష అధ్యక్షతన గల సంఘం తేల్చినది. 1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయినవి. వాటిలో డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. కళింగ పేరు మాత్రం తరువాత కూడా ఈశాన్య సరిహద్దు కొండలలో సరుకులు జారవిడిచే కిరాయి పనిలో కొంతకాలం నిలిచినది.

1994లో ఆ జాతీయకరణ చట్టం రద్దయి ప్రైవేటు కంపెనీలకు మళ్ళీ దారి తెరిచింది. 2017 ఏప్రిల్‌లో చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైనప్పుడు కడప–హైదరాబాదు మార్గంలో ఎగిరినది ట్రూజెట్ అనే హైదరాబాదు కంపెనీ. ఈ పథకంలో తగ్గిన రాబడిని ప్రభుత్వం కొంత భర్తీ చేస్తుంది. అయినా 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగిపోయినది.

మా ఊరికి విమానాశ్రయం కావాలని ప్రతి జిల్లావారూ కోరడం సహజమే. నేల చదును చేసి దారి పరచడం ఇంజనీర్లు చేయగలరు. అక్కడ దిగిన విమానానికి మిగిలిన రోజంతా పని ఏమిటన్నది అడగవలసిన ప్రశ్న. పెళ్ళివారు ఏడాదికి ఎన్ని రోజులు వస్తారో, మిగిలిన రోజులలో బస్సు ఎవరిని ఎక్కించుకుంటుందో ముందే లెక్క చూసుకున్న యజమానే నిలుస్తాడు.