మా చిన్నాన్న నరాల బలహీనత

2006 వేసవిలో అమ్మ మొదటిసారి హెర్న్‌డన్ వచ్చింది. ఇక్కడ మనవాళ్ళందరి ఇళ్ళల్లో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. ఒక వారం లాన్‌హామ్ గుడి, ఇంకో వారం వైట్‌హౌస్ ముందు ఫొటోలు, ఆ తర్వాత నయాగరా. అవన్నీ అయ్యాక విలియమ్స్‌బర్గ్ బయల్దేరాం. మా ఆవిడా పిల్లలూ బుష్ గార్డెన్స్‌కి పోయారు. ఎండలో అక్కడ తిరగడం తన వల్ల కాదంది అమ్మ. మేమిద్దరం పాత ఊళ్ళో నడుస్తూ, లోపల ఏసీ ఉంటుంది కదా అని ఒక ఇటుకల భవనంలోకి దూరాం. తీరా చూస్తే అది పిచ్చాసుపత్రి.

అమెరికాలో కేవలం మతి చలించినవాళ్ళ కోసమే కట్టిన మొదటి ఆసుపత్రి అదే. వర్జీనియా గవర్నరు ఫాకియర్ 1766లో అడిగితే, 1770లో చట్టం చేసి, 1773 అక్టోబరు 12న తలుపులు తీశారు. అసలు భవనం 1885లో కాలిపోయింది. మేం చూసింది పాత పునాదుల మీద నూరేళ్ళ తర్వాత మళ్ళీ కట్టింది. ఒక గది అప్పట్లో ఎలా ఉండేదో అలాగే అమర్చారు. గడ్డి పరుపు, కిటికీకి ఇనప చువ్వలు, గోడకి గొలుసు. అమ్మ ఆ గది ముందు చాలాసేపు నిలబడింది. నేను బోర్డులు చదువుతున్నాను.

ఆ రోజుల్లో రోగాల వర్గీకరణ మహా సులువు. చేర్చుకోవాలంటే రోగి ప్రమాదకరమైనా అయుండాలి, నయమయ్యే ఆశైనా ఉండాలి. ఎవర్నీ ఏమీ అనకుండా ఓ మూల కూచుని బాధపడేవాళ్ళు ఇంటికే. పేరుతో పని లేదు.

పేర్లు పెట్టడం తర్వాత మొదలైంది, అదీ జనాభా లెక్కల కోసం. 1840 సెన్సస్‌లో మతిలేనివాళ్ళకీ బుద్ధిమాంద్యులకీ కలిపి ఒకే గడి. ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్ళలో పిచ్చివాళ్ళు లెక్కలేనంతమంది ఉన్నారని ఆ లెక్కలు చెప్పాయి. చూశారా, బానిసత్వమే వాళ్ళకి మంచిదని దక్షిణాది నాయకులు ఎగిరారు. ఎడ్వర్డ్ జార్విస్ అనే డాక్టరు కూచుని సరిచూస్తే, నల్లవాళ్ళు ఒక్కరూ లేని ఊళ్ళలో కూడా నల్ల పిచ్చివాళ్ళు తేలారు! డేటా ఎంట్రీ తప్పులతో బతికే మా వృత్తివాళ్ళకి ఇది కొత్తేం కాదనుకోండి. 1880కి ఆ ఒక్క గడీ ఏడయింది.

ఇంతకీ నన్ను పట్టుకున్న పేరు వేరే. 1869లో జార్జ్ బియర్డ్ అనే న్యూయార్క్ డాక్టరు న్యూరస్తీనియా అనే మాటని ప్రచారంలోకి తెచ్చాడు. నీరసం, తలనొప్పి, నిద్రపట్టకపోవడం, గుండె దడ, ఊరికే బెంగ. నరాల్లో శక్తి బ్యాటరీలా అయిపోవడమే వీటికి కారణమని ఆయన వాదన. రైళ్ళు, టెలిగ్రాఫు, పత్రికలు మనిషి నరాల్ని పీల్చేస్తున్నాయన్నాడు (మన ఈమెయిలు చూస్తే ఏమనేవాడో). ఇది అమెరికా వాళ్ళ జబ్బని గొప్పగా కూడా చెప్పుకున్నారు. ఆ మాటని ముక్కకి ముక్క తెలుగులో పెట్టి చూడండి. నరాల బలహీనత! మన ఊళ్ళ ప్రహరీగోడల మీద, బస్టాండు మూత్రశాలల మీద చూసి నవ్వుకున్న మాట.

మా చిన్నాన్నకున్నది అదే. విజయనగరం దగ్గర మా ఊళ్ళో నా చిన్నప్పటి నుంచీ అందరికీ తెలుసు, ఆయనకి నరాల బలహీనత అని. పొద్దున్నే లేవలేడు, మూడు గంటలకే మెలకువ, అన్నం సయించదు, ఎవరైనా వస్తే పెరట్లోకి వెళ్ళిపోతాడు. ఆరెంపీ గారు వారానికోసారి బీకాంప్లెక్స్ ఇంజక్షను ఇచ్చేవాడు. చినవాల్తేరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అని మా నాన్న ఒకసారి అన్నారు. నానమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. చినవాల్తేరు అంటే మా వైపు పిచ్చి అనే అర్థం, హైదరాబాదు వాళ్ళకి ఎర్రగడ్డలాగా. మనకి ఉన్నవి రెండే గడులు. బట్టలు చింపుకుంటే పిచ్చి, లేకపోతే ఏమీ లేదు. మధ్యలో ఉన్నవాళ్ళకి నరాలు.

నిజానికి ఎక్కువమంది ఉండేది ఆ మధ్యలోనే. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. అందులో పెద్ద భాగం దిగులు, ఆందోళన లాంటి మామూలు రుగ్మతలే, మందు తాగుడు వ్యసనాన్ని పక్కన పెడితే.

వీటికి ఇప్పుడు వాడే పేర్లు మా పక్కనే తయారయ్యాయి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ పుస్తకం, డీఎస్ఎమ్, 1952లో మొదటిసారి వచ్చింది. 2013 నాటి అయిదో కూర్పు మీద ప్రచురణ స్థలం ఆర్లింగ్టన్, వర్జీనియా అని ఉంటుంది. ఇప్పుడు హెర్న్‌డన్‌లో మెట్రో ఎక్కితే నేరుగా దిగేంత దూరం. మొదటి రెండు కూర్పుల్లో నిర్వచనాలు కథల్లా ఉండేవి. లండన్‌లో డిప్రెషన్ అన్న మనిషిని న్యూయార్క్‌లో స్కిజోఫ్రీనియా అనేవారు. ఈ తేడా ఎక్కువగా ఉన్నది రోగుల్లో కాదు, డాక్టర్లలో అని అప్పట్లో ఒక పరిశోధన తేల్చింది కూడా. 1973లో ఆ సంఘం ట్రస్టీలు ఓటు వేసి స్వలింగ ప్రేమని జబ్బుల జాబితాలోంచి తీసేశారు. ఓటేస్తే పోయే జబ్బేమిటని లోకం నవ్వింది. తప్పుని తప్పని ఒప్పుకుని దిద్దుకున్నారనే నేననుకుంటాను.

దాంతో రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో 1980లో వచ్చిన మూడో కూర్పు మొత్తం తిరగరాశారు. కారణాల జోలికి పోకుండా లక్షణాలు లెక్కపెట్టమన్నారు. డిప్రెషన్‌నే తీసుకోండి. ఇవాళ్టి లెక్కలో తొమ్మిది లక్షణాలు: దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలిలో తేడా, నిద్రలో తేడా, ఒళ్ళు మందగించడం లేదా కాలు నిలవకపోవడం, నీరసం, నేను పనికిరాననే భావం, మనసు నిలవకపోవడం, చావు ఆలోచనలు. రెండు వారాల పాటు దాదాపు రోజూ అయిదైనా ఉండాలి, మొదటి రెండిట్లో ఒకటి తప్పనిసరి, రోజువారీ బతుకు దెబ్బతినాలి. ఆందోళన రుగ్మతకి ఆర్నెల్లు. న్యూరస్తీనియాని 1980లోనే తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో మాత్రం అది ఇంకా చాలా ఏళ్ళు బతికి, 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో పోయింది.

ఇదంతా శాస్త్రమేనా అంటారా? సగం శాస్త్రం, సగం ఒప్పందం. 2022లో డీఎస్ఎమ్‌లో కొత్తగా దీర్ఘకాలిక శోకం అనే రుగ్మత చేర్చారు. పెద్దవాళ్ళకైతే మనిషి పోయి కనీసం 12 నెలలు దాటాలట. మనకి ఏడూడి పెట్టినవాళ్ళు ఎవరోగానీ, వాళ్ళూ అదే లెక్క వేశారు. ఐసీడీ వాళ్ళు మాత్రం ఆర్నెల్లు చాలన్నారు.

అయినా ఒప్పందమైనా సరే, పేరు లేకపోవడం కంటే నయం అని ఎందుకంటున్నానంటే, నా దగ్గరా ఒక పేరుంది. 2002లో ప్రాజెక్టు పోయింది. హెచ్1 మీద ఉన్నవాడికి ప్రాజెక్టు పోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒక రాత్రి గుండెపోటనుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తాను. ఈసీజీ శుభ్రంగా ఉంది. తర్వాత మామూలు డాక్టరు ఇరవై నిమిషాలు ప్రశ్నలడిగి, బిల్లు కాగితం మీద 300.02 అని రాసిచ్చాడు. ఇంటికొచ్చి వెతికితే, ఆందోళన రుగ్మత. మూడు నెలల్లో మందుతో కుదుటపడ్డాను. మా ఆవిడకి గ్యాస్ట్రిక్ అని చెప్పాను. ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు. ఆ కాగితం ఎవరైనా చూస్తే వీసా పోతుందని, ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని నాలుగేళ్ళు డ్రాయర్ అడుగున దాచాను.

విలియమ్స్‌బర్గ్‌లో ఆ గది ముందు అమ్మ అంది, "మీ చిన్నాన్నని ఇలా గొలుసేసి కట్టలేదురా మనం." కాసేపాగి, "మందూ ఇప్పించలేదనుకో" అంది.

అక్కడే బయట బెంచీ మీద అమ్మకి 300.02 సంగతి చెప్పాను. ఆ రాత్రి హెర్న్‌డన్ చేరగానే ఫోన్ కార్డు గీకి చిన్నాన్నకీ చెప్పాను. ఆయన మాట్లాడలేదు. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయి. చివరికి, "నీకూ మూడింటికే మెలకువొచ్చేదా?" అన్నాడు.

నాకు రెండింటికే అన్నాను. ఆ నెల్లోనే మా తమ్ముడు ఆయన్ని విశాఖపట్నంలో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళప్పుడు. ఇంజక్షన్లు ఆపేసి, రోజుకో మాత్ర రాశారు. రెండు నెలలు పోయాక పెళ్ళిళ్ళకి వెళ్తున్నాడని అమ్మ చెప్పింది, పెరట్లోకి వెళ్ళడం మానేశాడని కూడా. నేను 2002లోనే నోరు తెరిచి ఉంటే నాలుగేళ్ళు కలిసొచ్చేవి.

ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ ఆయన నరాలు గట్టిపడ్డాయనే అంటారు. ఆయనా కాదనడు. ఆదివారం ఫోన్ చేస్తే మాత్రం, పిల్లల చదువులూ నా ఉద్యోగమూ తర్వాత, "నిద్ర పడుతోందా నాన్నా?" అని ముందు అదే అడుగుతాడు.