అమెరికా తోటలలో ప్రార్థనా పోరాటము

తెలుగు క్రైస్తవుల నోట "ప్రార్థనలో పోరాడుట" అను మాట తరచుగా వినబడును. "ఆత్మీయ యుద్ధము", "ఆత్మీయ పోరాటము", "ప్రార్థనా యుద్ధము" అనునవి దాదాపు ఒకే భావమును తెలుపును. పాట, ప్రార్థన, ఉపవాసము, రాత్రి జాగరణ కేవలము భక్తికి గుర్తులు కావు, చెడును ఎదిరించు ఆయుధములు అని ఆ భావము. ఇది క్రైస్తవ లోకమంతటను ఉన్నదే. అయితే అమెరికా సంయుక్త రాష్ట్రముల పత్తి, వరి, పొగాకు తోటలలో బానిసలుగా బ్రతికిన ఆఫ్రికా సంతతి వారి నడుమ ఆ మాటకు మిక్కిలి కఠినమైన అర్థము ఏర్పడెను. అక్కడ అనుమతి లేకుండ ప్రార్థనకు కూడుటయే నేరము. పట్టుబడిన వారికి కొరడా దెబ్బలు. తోటలలో పుట్టి పెరిగిన కుటుంబముల వారమగు మనము ఆ చరిత్రను తెలిసికొనవలెనని మా తలంపు.

ఒక మాట ముందుగా చెప్పవలెను. మన పెద్దల ఒప్పందపు కూలి, అమెరికా బానిసత్వము ఒకటి కావు. మన వారు కాగితముపై వేలిముద్ర వేసి ఓడ ఎక్కిరి. ఆ కాగితములో ఏమున్నదో అందరికి తెలియకపోవచ్చును గాని, దానికి సాధారణముగా ఐదేండ్ల గడువుండెను. అమెరికాలో గడువన్నది లేదు. తల్లి బానిసయైనచో బిడ్డయు బానిసయే. ఆ బిడ్డను తల్లి కన్నుల యెదుటనే అమ్మవచ్చును. పోలికలు చూచునప్పుడు ఈ భేదమును మరువరాదు.

కవచపు మాటలు

ఈ పోరాటపు పలుకులకు ముఖ్యమైన మూలము క్రొత్త నిబంధనలోని ఎఫెసీయుల పత్రిక 6వ అధ్యాయము. సైనికుని ఆయుధములను పౌలు అక్కడ ఒక్కొక్కటిగా పేర్కొనెను. తెలుగు బైబిలులో వాటికి వాడిన మాటలు కొన్ని నేటి వాడుకలో అరుదైనవి గనుక, భాషను తిరిగి నేర్చుకొనువారి కొరకు ఇక్కడ వివరింతుము. "సర్వాంగ కవచము" అనగా తల నుండి కాలి వరకు ఒంటినంతటిని కాచునది. "దట్టి" అనగా నడుమునకు బిగించి కట్టునది. "మైమరువు" అను మాటలో మై అనగా ఒళ్ళు, మరువు అనగా కవచము. "జోడు" అనగా పాదరక్షలు. "డాలు" అమ్ములను, కత్తి వేటులను అడ్డుకొనును. "శిరస్త్రాణము" తలను కాచును. "ఖడ్గము" అనగా కత్తి. ఈ ఆరింటిలో ఐదు తనను తాను కాచుకొనుటకే ఉన్నవి; ఎదుటివానిపై ఎత్తదగినది ఒక్క ఖడ్గమే.

ఈ అధ్యాయమునకు ఇంకొక ముఖము కలదు. కవచపు మాటలకు కొంచెము ముందే, 5వ వచనములో, దాసులు యజమానులకు లోబడవలెనను ఉపదేశమున్నది. తోటల యజమానులు పిలిపించిన బోధకులు బానిసలకు ఈ వచనమునే మరల మరల వినిపించిరి. కవచము వరకు వారు పోనేలేదు.

హోవర్డ్ థర్మన్ (1899–1981) అను నల్లజాతి వేదాంతి 1949లో ప్రచురించిన "జీసస్ అండ్ ది డిసిన్‌హెరిటెడ్" అను గ్రంథములో తన అమ్మమ్మను గూర్చి వ్రాసెను. ఆమె బానిసగా పుట్టినది, చదువు రాదు. మనుమడు ఆమెకు బైబిలు చదివి వినిపించుచుండెను. పౌలు పత్రికలను మాత్రము, ప్రేమను గూర్చిన ఒక్క అధ్యాయము తప్ప, ఆమె చదువనియ్యలేదు. ఎందుకని ఎన్నో ఏండ్ల తరువాత అడుగగా, యజమాని బోధకుడు ఎప్పుడును పౌలు మాటలతోనే తమను లోబడుమని బోధించెననియు, విడుదల కలిగినచో ఆ భాగమును ఎన్నడును చదువనని తాను ఒట్టు పెట్టుకొంటిననియు ఆమె చెప్పెను. ఆత్మీయ యుద్ధమును వర్ణించిన పత్రికయే, ఆ యుద్ధములో జీవించిన స్త్రీకి శత్రువు చేతిలోని పుస్తకముగా కనబడెను. ఈ సంగతి మాకు మిక్కిలి ఆలోచింపదగినదిగా తోచుచున్నది.

కావున అక్కడి పోరాటపు భాష ఎక్కువగా పాత నిబంధన నుండి వచ్చెను. ఫరో యెదుట నిలిచిన మోషే, యెరికో గోడల చుట్టు తిరిగిన యెహోషువ, సింహముల గుహలోని దానియేలు, తెల్లవారువరకు దేవునితో పెనుగులాడిన యాకోబు ఆ పాటలలోని వీరులు. యజమానులును ఈ కథల బలమును ఎరుగకపోలేదు. కరీబియను దీవుల బానిసల కొరకు 1807లో లండనులో అచ్చువేయబడిన ఒక బైబిలులో పాత నిబంధన దాదాపు తొంబది పాళ్ళు తీసివేయబడెను. ఐగుప్తు నుండి ఇశ్రాయేలీయులు విడుదల పొందిన కథ అందులో లేదు. దాని ప్రతి యొకటి టెనెస్సీ రాష్ట్రమునందలి ఫిస్క్ విశ్వవిద్యాలయములో నేటికిని ఉన్నది.

అడవిలోని ఆరాధన

1831 ఆగస్టులో వర్జీనియా రాష్ట్రపు సౌతాంప్టన్ కౌంటీలో నాట్ టర్నర్ అను బానిస బోధకుని నాయకత్వమున తిరుగుబాటు జరిగెను. యాభైమందికి పైగా తెల్లవారు చంపబడిరి. దానికి ప్రతిగా తిరుగుబాటుతో సంబంధము లేని నల్లవారు అనేకులు హతులైరి. టర్నర్ నవంబరులో ఉరితీయబడెను. మరుసటి ఏడు వర్జీనియా శాసనసభ నల్లవారు, స్వతంత్రులైనను బానిసలైనను, బోధించుటను, ప్రార్థన కూటములు నడుపుటను నిషేధించెను. దక్షిణాది రాష్ట్రములు మరికొన్ని ఇట్టి కట్టడులనే విధించెను. ప్రార్థన కత్తిగా మారగలదని పాలకులు నమ్మిరి. నమ్మక వారు అట్టి చట్టములు చేసియుండరు.

చట్టము చేసినంత మాత్రాన కూటములు ఆగలేదు. రాత్రివేళ, పని ముగిసిన పిమ్మట, గస్తీ మనుష్యుల కన్నుగప్పి జనులు అడవిలోనికో వాగు పల్లములోనికో పోవుచుండిరి. అట్టి చోట్లను "హష్ హార్బర్" అనిరి. చప్పుడు చేయరాని పందిరి అని భావము చెప్పవచ్చును. గొంతులు దూరము పోకుండ తడిపిన బొంతలను కొమ్మలకు వ్రేలాడగట్టుచుండిరి. ఇనుప వంటకుండను బోర్లించి, కొంచెము ఎత్తుగా నిలిపి, దాని దగ్గర ప్రార్థించుచుండిరి. శబ్దము కుండలోనికి పోవునని వారి నమ్మకము. 1936 నుండి 1938 వరకు ప్రభుత్వ రచయితలు, అప్పటికి ముదుసలులైన మాజీ బానిసల మాటలను వ్రాసికొనిరి. అట్టి కథనములు 2,300కు పైగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నవి. వేరువేరు రాష్ట్రముల వారు ఈ కుండ సంగతి చెప్పిరి. బోర్లించిన కుండ శబ్దమును నిజముగా పట్టునా? పట్టదు. అది ఆఫ్రికా నుండి వచ్చిన ఏదో ఆచారపు శేషమని కొందరు పండితుల ఊహ. మా మట్టుకు, భయము నడుమ నోరు తెరచుటకు ఆ కుండ ధైర్యమిచ్చెననుటయే చాలును.

ఆల్బర్ట్ రాబటో 1978లో వెలువరించిన "స్లేవ్ రిలిజియన్" అను గ్రంథమునకు "కనబడని సంస్థ" అను భావము గల ఉపశీర్షిక పెట్టెను. గోడలు, రిజిస్టర్లు, జీతపు బోధకులు లేని సంఘమది.

పాటకు శిక్ష

పాటలలోని మాటలకు రెండు అర్థములుండెను. కనాను అని పాడినప్పుడు స్వర్గముతోబాటు ఉత్తరాది రాష్ట్రములును తమ తలపులో ఉండెనని, పారిపోయి స్వతంత్రుడైన ఫ్రెడరిక్ డగ్లస్ 1855 నాటి ఆత్మకథలో వ్రాసెను. 1861లో అంతర్యుద్ధము మొదలైనప్పుడు, త్వరలో విడుదల కలుగునను భావము గల ఒక భక్తిగీతమును పాడినందుకు దక్షిణ కరొలైనాలోని జార్జ్‌టౌనులో నల్లవారిని చెరలో వేసిరి. దీనిని వ్రాసి ఉంచినది నల్లజాతి సైనికుల దళమునకు కర్నలుగా పనిచేసిన థామస్ వెంట్వర్త్ హిగ్గిన్‌సన్. ఆ పాటలో ప్రభువు పిలుచుననగా ఉత్తరాది సైన్యము పిలుచునని యజమానులు అర్థము చేసికొనిరని, దళములోని డప్పు వాయించు బాలుడొకడు నవ్వుచు ఆయనకు వివరించెనట.

1862 డిసెంబరు 31 రాత్రి నల్లజాతి సంఘములు జాగరణ చేసెను. తెల్లవారినచో అధ్యక్షుడు లింకన్ విమోచన ప్రకటన అమలులోనికి వచ్చును. తిరుగుబాటు రాష్ట్రములకే అది వర్తించెను. అయినను ఆ రాత్రి కాచియున్నవారికి అది సామాన్యమైన ఉదయము కాదు. దక్షిణ కరొలైనా తీరమున పోర్ట్ రాయల్ వద్ద దానిని చదివి వినిపించినవాడు విలియం బ్రిస్బేన్, తన బానిసలను విడిపించిన ఒక మాజీ యజమాని. పతాకము ఎత్తగానే, ఎవరును చెప్పకుండనే నల్లవారు పాట ఎత్తుకొనిరి. నల్లజాతి సంఘములు ఆ రాత్రిని నేటికిని "వాచ్ నైట్" అని ఆచరించును. డిసెంబరు 31 రాత్రి తెలుగు సంఘములలో జరుగు ఆరాధనకు కూడ ఇదే పేరు. జాగరణ ఆచారము అంతకు మునుపే మొరేవియనుల నుండి వెస్లీ ద్వారా వ్యాపించినది. విమోచనపు జ్ఞాపకము మాత్రము అమెరికా నల్లవారిది.

నెల్లూరు, ఒంగోలు, నేటాలు

మన వారికి ఈ చరిత్రతో ఇంకొక ముడి కలదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములకు బాప్తిస్టు బోధను తెచ్చినది అమెరికా మిషనే. సామ్యూల్ డే 1836లో దానిని ప్రారంభించెను. బానిసల యజమానిని మిషనరీగా నియమింపవచ్చునా అను వాదముపై 1845లో అమెరికా బాప్తిస్టులు రెండుగా చీలిరి. తెలుగు మిషను ఉత్తరాది వారి చేతిలో నిలిచెను. ఫలితము కనబడలేదని దానిని మూసివేయు ఆలోచన 1853లో ఆల్బనీ సభలో వచ్చెను. పటములో ఒంటిగానున్న నెల్లూరును "ఒంటి నక్షత్రము" అని ఎస్. ఎఫ్. స్మిత్ కవిత వ్రాసెను, మిషను నిలిచెను. 1854 జనవరి 1 ఉదయమున లైమన్ జ్యువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండపై ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థనా కొండ అందురు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి; వారిలో అత్యధికులు మాదిగలు, అనగా ఊరి వెలుపల ఉంచబడినవారు. 1903లో జాన్ రంగయ్యను నేటాలు తోటల తెలుగువారి యొద్దకు పంపినది తెలుగు బాప్తిస్టులే, అమెరికా వారు కాదు. చెరకు, తేయాకు తోటలలో మన భాషలో ప్రార్థన కూటములు నిలుచుటకు ఆయన పరిచర్య ముఖ్యమైన కారణము.

తరువాతి కాలము

అమెరికాలో విమోచన తరువాతను పోరు ముగియలేదు. 1963 మే 5, ఆదివారము నాడు అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హాములో నల్లవారు చర్చి నుండి నగరపు చెరసాల వైపు ప్రార్థించుటకు నడిచిరి. పోలీసు అధికారి బుల్ కానర్ నీటి గొట్టములతో, కుక్కలతో అడ్డగించెను. జనులు మోకాళ్ళూని ప్రార్థించిరి. లేచి ముందుకు రాగా, గొట్టములు పట్టుకొనిన సిబ్బంది వాటిని ప్రయోగింపక తొలగిరని మార్టిన్ లూథర్ కింగ్ వ్రాసెను. అదే సంవత్సరము సెప్టెంబరు 15న ఆ నగరములోనే 16వ వీధి బాప్తిస్టు చర్చిలో బాంబు ప్రేలి నలుగురు బాలికలు చనిపోయిరి. మోకాళ్ళూనిన వారందరును ఆ యుద్ధములో గెలిచిరని చెప్పలేము.

1980ల తరువాత కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీకి చెందిన పీటర్ వాగ్నర్ మొదలగు వారు "ఆత్మీయ యుద్ధము" అను మాటకు వేరొక రూపమిచ్చిరి. ఒక్కొక్క నగరమును, దేశమును ఏలు దుష్టశక్తులున్నవని, వాటిని గుర్తించి ప్రార్థనతో బంధింపవలెనని వారి బోధ. నేటి తెలుగు కూటములలో వినబడు పలుకులు కొన్ని ఈ ధోరణివే. తోటలోని వారికి శత్రువును వెదకు అవసరము లేకుండెను. అతని పేరు, ఇల్లు, చేతిలోని కొరడా వారికి తెలిసియుండెను. ఒకే మాట ఈ రెండింటికి చెల్లుచున్నదని పాఠకులు గమనింపవలెను.

దక్షిణ కరొలైనాలోని సెయింట్ హెలీనా దీవిలో "ప్రెయిజ్ హౌస్" అనబడు చిన్న చెక్క ప్రార్థన గృహములు మూడు నేటికిని నిలిచియున్నవి. అట్టి చోట్ల బెంచీలను ప్రక్కకు జరిపి, వలయముగా కుడివైపుకు సాగుచు, పాదము పాదమును దాటకుండ నేలపై ఈడ్చుచు పాడుదురు. దీని పేరు "రింగ్ షౌట్". పాదము దాటినచో అది నాట్యమగునట. మన చెక్కభజన ఎరిగినవారికి ఈ వలయము క్రొత్తగా తోచదు. దక్షిణ కరొలైనాలో 1740 నాటి చట్టము బానిసలకు డోళ్ళను నిషేధించెను. ఇట్టి కూటములలో చీపురు కర్రతో చెక్క నేలను కొట్టి తాళము వేయుదురు. జార్జియాలోని మెకింటోష్ కౌంటీ, బోల్డెన్ గ్రామపు భక్తులు ఈ ఆరాధనను తెగకుండ నిలుపుకొనిరి. 1980 నుండి వారు దానిని బయటి సభలలోను చూపుచున్నారు. 1993లో వారికి జాతీయ వారసత్వ పురస్కారము లభించెను. బోల్డెనులో దానికి అసలు సమయము డిసెంబరు 31 రాత్రియే.