వికారాబాద్, తాండూరు ప్రాంత కథోలిక విచారణలు

వికారాబాద్, తాండూరు ప్రాంతాల కథోలికులు హైదరాబాద్ అగ్రపీఠం (ఆర్చిడయోసిస్) కిందికి వస్తారు. 1886లో మేత్రాసనంగా (డయోసిస్‌గా) ఏర్పడిన హైదరాబాద్ 1953లో అగ్రపీఠమైంది. దాని అధిపతి పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆ హోదా అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. అయితే వికారాబాద్ క్రైస్తవం అనగానే ముందు గుర్తొచ్చేది మెథడిస్టు మిషన్. కథోలికులది ఇక్కడ చిన్న సమాజమే.

ఒక గురువు బాధ్యతలో ఉండే విశ్వాసుల సంఘమే విచారణ. పల్లె విచారణలో ప్రధాన దేవాలయంతోపాటు చుట్టుపక్కల ఊళ్లూ ఉంటాయి. ఉన్న ఒక్క గురువు ప్రతి ఆదివారం అన్ని ఊళ్లలో దివ్యబలిపూజ చేయలేరు. ఆ లోటు తీర్చేది ఉపదేశి. ప్రార్థన నడిపించడం, పిల్లలకు జపాలు నేర్పడం, జ్ఞానస్నానానికి పెద్దలను సిద్ధం చేయడం ఆయన పనులు. పల్లె విచారణ నిజానికి నిలబడేది ఆయన మీదే. పూజ తెలుగులో జరగడం రెండవ వాటికన్ మహాసభ (1962–65) తెచ్చిన మార్పు, అంతకుముందు లతీనే.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలపు శుక్రవారాల్లో సిలువమార్గం, అక్టోబరులో జపమాల, నవంబరు 2న సమాధుల దగ్గర ప్రార్థన ఉంటాయి. కానుకల లెక్కలు చూసేందుకు ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండాలని 1983 నాటి తిరుసభ చట్టం నిర్దేశిస్తుంది.