భూసేకరణ చరిత్ర: ఎందులకు, ఎంతకు, ఎవరికి?

బాట వేయవలెనన్నను, కాలువ త్రవ్వవలెనన్నను, జలాశయము కట్టవలెనన్నను ఎవరో ఒకరి భూమి పోక తప్పదు. కావుననే ప్రజావసరము నిమిత్తము వ్యక్తి భూమిని, అతని సమ్మతి లేకున్నను, పరిహారమొసగి గ్రహించు అధికారము ప్రభుత్వములకు ఏర్పడినది. మన దేశమున ఈ అధికారము నడచిన త్రోవను పరిశీలించిన మూడు ప్రశ్నలు గోచరించును. ఎందులకు తీసికొనుచున్నారు? ఎంత ఇచ్చుచున్నారు? ఎవరికి ఇచ్చుచున్నారు? మొదటి రెండింటిని గూర్చి న్యాయస్థానములలోను, శాసనసభలలోను విశేషముగా వాదములు జరిగినవి. మూడవది మాత్రము చిరకాలము మరుగున పడియుండెను.

ఆంగ్ల పాలనలో ఈ విషయమున మొదటి శాసనము 1824లో వంగదేశమున వెలువడినది. మద్రాసు రాజధానికి 1852లో ప్రత్యేక చట్టము వచ్చినది. ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనదియు ఆ సంవత్సరముననే. 1857లో బ్రిటిషు ఇండియాకంతకు ఒకే చట్టము చేయబడెను. వెల విషయమున తగవు వచ్చినచో మధ్యవర్తులు తీర్పవలెనని అందలి నియమము. 1870 నాటి చట్టము ఆ తగవులను సివిలు న్యాయస్థానమునకు అప్పగించినది. తుదకు 1894లో వచ్చిన భూసేకరణ చట్టము పెక్కు సవరణలతో 2013వ సంవత్సరము తుదివరకు అమలులో ఉండెను. హైదరాబాదు సంస్థానమునకు 1309 ఫసలీ నాటి వేరు చట్టము కలదు.

1894 నాటి చట్టము ప్రకారము రైతునకు మార్కెట్టు వెలయు, నిర్బంధముగా తీసికొన్నందులకై దానిపై నూటికి 15 వంతున అదనపు సొమ్మును ముట్టవలెను. వెల చాలదన్నచో అతడు కోర్టుకు పోవచ్చును. కాని ఆ పని ప్రజోపయోగకరమైనదా కాదా అను విషయమున ప్రభుత్వ ప్రకటనయే తిరుగులేని సాక్ష్యము. అనగా 'ఎంతకు' అని అడుగవచ్చును గాని 'ఎందులకు' అని అడుగుటకు వీలు లేకుండెను. పైగా మార్కెట్టు వెలకు ఆధారము రిజిస్టరు దస్తావేజులు. స్టాంపు ఖర్చునకు వెరచి జనులు దస్తావేజులలో తక్కువ వెల వ్రాయించు అలవాటు, భూమి పోయిన నాడు రైతు నెత్తికే చుట్టుకొనెను.

1921లో పూనా చెంత ముల్షీ లోయలో టాటా విద్యుత్ కంపెనీ కట్టు ఆనకట్టకై తమ పొలములు పోవుటను ప్రతిఘటించి మావళా రైతులు సత్యాగ్రహము చేసిరి. సేనాపతి బాపట్ వారికి నాయకుడు. రైతులు ఓడిపోయిరి, పొలములు మునిగినవి. ఆ పోరాటము సాగుచుండిన కాలముననే, 1923లో, ప్రకటన వెలువడిన 30 దినములలో ఆక్షేపణ తెలుపుకొను హక్కు చట్టమున చేర్చబడినది. దానితో 'ఎందులకు' అను ప్రశ్నకు చిన్న వాకిలి తెరువబడినట్లాయెను.

స్వాతంత్ర్యానంతరము ఈ కథ మరియొక మలుపు తిరిగినది. రాజ్యాంగము ఆస్తిహక్కును ప్రాథమిక హక్కులలో చేర్చెను. కాని దున్నువానికి భూమి దక్కవలెనన్నచో జమీందారీలు రద్దు కావలెను. మద్రాసు రాష్ట్రమున అందులకు 1948లోనే శాసనము జరిగియుండెను. జమీందారులు కోర్టుల కెక్కగా, ఈ సంస్కరణ శాసనములను కాపాడుటకు 1951లో రాజ్యాంగమునకు మొదటి సవరణ చేయబడెను. 1953లో సుప్రీంకోర్టు, వంగ రాష్ట్రమునకు సంబంధించిన బేలా బెనర్జీ వ్యాజ్యమున, పరిహారమనగా పోయినదానికి సమానమైన విలువయని తీర్పు చెప్పెను. అంత సొమ్ము చెల్లించి సంస్కరణలు సాగింపలేమని తలచిన పార్లమెంటు, 1955లో నాల్గవ సవరణ ద్వారా, పరిహారము చాలునా చాలదా అను విచారణను కోర్టుల పరిధినుండి తొలగించినది. అయినను పెద్ద కమతమును చిన్న కమతమును ఒకే కాటాలో తూచుట న్యాయము కాదను వివేకము లోపింపలేదు. భూసంస్కరణల క్రింద, పరిమితికి లోబడి స్వయముగా సాగుచేసికొను భూమిని తీసికొన్నచో మార్కెట్టు వెలకు తగ్గకుండ ఈయవలెనని 1964 నాటి పదునేడవ సవరణ విధించినది. 1978లో నలుబది నాల్గవ సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల జాబితానుండి తొలగి, చట్టప్రకారము తప్ప ఎవని ఆస్తియు హరింపరాదను 300-ఏ అధికరణముగా మిగిలెను.

ఇంతవరకు జరిగిన వాదమంతయు భూమి గలవారిని గూర్చినదే. లేనివారి మాటయేమి? కృష్ణాతీరమే ఇందులకు సాక్షి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. ఆ నీరు లక్షలాది ఎకరములను పండించినది. ఆ మేలును కాదనువారు లేరు. తరువాత శ్రీశైల జలాశయము నిండునపుడు కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో సుమారు నూరు గ్రామములు ముంపునకు లోనయ్యెను. 1981లో జనులను బలవంతముగా తరలించిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపురమున మరల నిలిపిరి. ఊరిని అట్లు మరల నిలుపుట ఎవరి తరము? పట్టాదారునకు పొలము వెల ముట్టెను. అతని పొలమున కూలి చేసినవానికి, నాగళ్లు చెక్కిన వడ్రంగికి, కుండలు చేసిన కుమ్మరికి పోయినది పొలము కాదు; పని. పనికి ఆ చట్టమున వెల కట్టలేదు.

ఈ లోపమును గుర్తించినది 2013లో పార్లమెంటు ఆమోదించి, 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన కొత్త చట్టము. గ్రామ ప్రాంతములలో మార్కెట్టు వెలను రెండింతల వరకు హెచ్చించి, అంతకు సమానమైన సొమ్మును అదనముగా చేర్చవలెను. ప్రైవేటు కంపెనీలకై తీసికొన్నచో నూటికి 80 మంది బాధితుల సమ్మతి కావలెను. పని వలన సమాజమునకు కలుగు లాభనష్టములను ముందుగా పరిశీలింపవలెను. వీటన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. భూమి లేకున్నను మూడేండ్లుగా అచటి భూమి మీదనే జీవనము సాగించిన కూలీలు, కౌలుదారులు, చేతిపనివారు సైతము బాధిత కుటుంబములుగా పరిగణింపబడిరి. నూట తొంబది ఏండ్లకు మూడవ ప్రశ్నకు సమాధానము చట్టమున దొరికినది. పిమ్మట తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు సవరణలు చేసి, కొన్ని తరగతుల పనులను ఆ ముందస్తు పరిశీలననుండి మినహాయించుటకు వీలు కల్పించినవి. కాబట్టి వచ్చిన హక్కు వచ్చినట్లే నిలుచునని నమ్మి ఊరకుండుటకు వీలు లేదు.

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఈ ప్రస్తావన యేలయని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఈ చట్టము క్రింద తొలి ప్రకటన గెజిటులోను, ఆ ప్రాంతమున వెలువడు రెండు దినపత్రికలలోను, పంచాయతీ కార్యాలయమునను ప్రచురింపబడవలెను. ఆ రెండు పత్రికలలో ఒకటి ప్రాంతీయ భాషలోనిది కావలెను. ఆక్షేపణకు గడువు 60 దినములు. పట్టాదారే కాక, జీవనోపాధి కోల్పోవు కూలివాడును ఆక్షేపింపవచ్చును. కాని ఆ ప్రకటన చదువువా డుండవలెను. చదువరానివానికి చదివి చెప్పువా డుండవలెను. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ బల్లపై పరచిన దినపత్రికకు ఇంతకంటె ముఖ్యమైన ప్రయోజనము వేరొకటి లేదు. కలెక్టరు కచేరినుండి వచ్చిన కాగితము ఊరిలో ఎవరికి సంబంధించినదో, గడువు ఏనాటితో ముగియునో ఆ సాయంకాలమే పదిమందికి తెలియజేయు గ్రంథాలయమున్న ఊరిలో అరువదవ దినము ఎవరికిని తెలియకుండ గడచిపోదు.