కుందేళ్ల పిల్లల పెట్టెలు, కొరికే చెక్కలు: ఎలా శుభ్రం చేయాలి? ఎప్పుడు మార్చాలి?

తల్లి నుంచి వేరు చేసిన కొద్ది రోజులకే కుందేలు పిల్లలు పొట్ట ఉబ్బి, విరేచనాలతో చనిపోతున్నాయని చాలామంది రైతులు చెబుతుంటారు. దాణా మార్చడం వల్లే అలా జరిగిందని అనుకుంటారు. అదీ ఒక కారణం కావచ్చు. కానీ నేను షెడ్డుకు వచ్చినప్పుడు ముందు చూసేది దాణా సంచి కాదు, పిల్లల పెట్టె. తిరగేసి చూస్తే చాలాసార్లు అడుగు పలక నల్లబడి, తడిగా, ఘాటు వాసన వేస్తూ ఉంటుంది. గత ఈతలో వాడిన పెట్టెనే దులిపి మళ్లీ పెట్టి ఉంటారు. జబ్బు అక్కడే మొదలై ఉండవచ్చు.

చెక్కలో జబ్బు ఎలా నిలుస్తుంది?

చెక్క మూత్రాన్ని పీల్చుకుంటుంది. సందుల్లో పెంటిక ఇరుక్కుంటుంది. కాక్సిడియోసిస్ కలిగించే సూక్ష్మజీవి గుడ్లు పెంటికతో బయటికి వస్తాయి. బయటపడిన వెంటనే అవి జబ్బు చేయలేవు. తడి, వెచ్చదనం దొరికితే సుమారు 1 నుంచి 3 రోజుల్లో జబ్బు చేసే దశకు వస్తాయి. పిల్లలు మూడో వారంలో పెట్టెలోని గడ్డి కొరకడం మొదలుపెడతాయి. అప్పుడు ఈ గుడ్లు వాటి పొట్టలోకి వెళతాయి. జబ్బు మాత్రం తల్లి నుంచి వేరు చేసే సమయంలో బయటపడుతుంది. అందుకే నెపం దాణా మీదకు పోతుంది.

గజ్జి పురుగులు కుందేలు ఒంటి మీద లేకపోయినా చెక్క సందుల్లో 3 వారాల దాకా బతకగలవు. తామర బూజు నెలల తరబడి నిలుస్తుంది. తామర మనుషులకూ అంటుతుంది. కాబట్టి పెట్టెలు కడిగేటప్పుడు చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పిల్లల చేత ఈ పని చేయించవద్దు.

పెట్టె ఎప్పుడు పెట్టాలి? ఎప్పుడు తీయాలి?

కుందేలు చూలు కాలం 30 రోజులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాటించిన తేదీ రాసి పెట్టుకొని 27వ రోజున శుభ్రమైన, పూర్తిగా ఎండిన పెట్టెను బోనులో పెట్టండి. మధ్య రకం కుందేళ్లకు 50 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు సరిపోతుంది. ముందు పలక 15 సెం.మీ. ఉంటే చాలు. అడుగున మూత్రం కారిపోయేలా చిన్న రంధ్రాలు చేయించండి.

రోజూ ఒకసారి చేయి పెట్టి చూడండి. తడిసిన గడ్డి తీసి పొడి గడ్డి వేయండి. తల్లి పీకి పరిచిన పొడి బొచ్చు మాత్రం తీయవద్దు, అదే పిల్లలకు వెచ్చదనం. పిల్లలకు 3 వారాలు రాగానే పెట్టెను బయటికి తీసేయండి. ఆ తర్వాత అది పిల్లలకు మరుగుదొడ్డిగా మారిపోతుంది.

శుభ్రం చేసే పద్ధతి

1. పాత గడ్డి, బొచ్చు తీసి షెడ్డుకు దూరంగా కాల్చండి లేదా పూడ్చండి.
2. పెట్టె పొడిగా ఉన్నప్పుడే రేకు ముక్కతో మూలలు, సందులు గీకండి. తెల్లటి మూత్రపు పొర గట్టిపడి ఉంటే వెనిగర్ పోసి కాసేపు నాననిచ్చి, గీకి, నీటితో బాగా కడగండి.
3. లీటరు వేడినీటికి 40 గ్రాముల వాషింగ్ సోడా కలిపి గట్టి బ్రష్షుతో రుద్ది కడగండి.
4. లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి తేరిన నీటితో తడిపి, 10 నిమిషాలు ఆగి, బాగా కడిగేయండి. మురికి పోని చెక్క మీద బ్లీచింగ్ పని చేయదు. దీన్ని వెనిగర్‌తో గానీ, యాసిడ్‌తో గానీ ఎప్పుడూ కలపవద్దు, విషవాయువు వస్తుంది.
5. సలసల కాగే నీళ్లు అన్ని వైపులా పోయండి. బ్లీచింగ్ పౌడర్‌కు కాక్సిడియా గుడ్లు చావవు. వాటిని చంపేది వేడి, ఎండ. బ్లో ల్యాంపు ఉంటే ఎండిన పెట్టె మీద మంటను ఆరుబయట, గడ్డికి దూరంగా తిప్పండి.
6. బోర్లించి, తిరగేసి 2, 3 రోజులు మంచి ఎండలో పెట్టండి.

వానాకాలంలో చెక్క త్వరగా ఎండదు. అందుకే ఒకేసారి ఈనే ప్రతి 5 తల్లులకు ఒక పెట్టె అదనంగా ఉంచుకోండి. తడి పెట్టెను తొందరపడి బోనులో పెట్టడం కన్నా అదనపు పెట్టె ఖర్చే తక్కువ.

కొరికే చెక్కలు

కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగడానికి ప్రధానంగా కావలసింది పీచు ఉన్న గడ్డి. దానికి తోడు ఒక చెక్క ముక్క వేస్తే పెట్టె అంచులు కొరకడం తగ్గుతుంది. మందు కొట్టని జామ, మల్బరీ కొమ్మలు వాడండి. గన్నేరు విషం, దాని కొమ్మలను దగ్గరికి రానీయవద్దు. రంగు వేసినవి, ప్లైవుడ్, పాత ప్యాకింగ్ చెక్కలు వద్దు. ప్యాకింగ్ చెక్క మీద ఎంబీ అనే ఇంగ్లీషు ముద్ర ఉంటే దానికి మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారని అర్థం. కొరికే ముక్కలను కడుగుతూ కూర్చోవద్దు. మూత్రంతో తడిస్తే పారేసి కొత్తది వేయండి.

పెట్టెను ఎప్పుడు మార్చాలి?

• కడిగి ఎండబెట్టినా మూత్రం వాసన పోకపోతే
• గోరుతో నొక్కితే చెక్క దిగిపోతుంటే
• కొరికిన చోట మేకులు, పేళ్లు బయటికి వస్తే
• ఆ పెట్టెలో తామర వచ్చినా, వరుసగా రెండు ఈతల్లో పిల్లలు విరేచనాలతో చనిపోయినా

చివరి సందర్భంలో పెట్టెను కాల్చేయండి, పక్క రైతుకు ఇవ్వవద్దు. ఖర్చు తగ్గాలంటే అడుగు పలకను ఊడదీసే వీలుండేలా చేయించండి. ముందు పాడయ్యేది అదే, దాన్నొక్కటే మార్చుకోవచ్చు. అంచులకు జీఐ రేకు మడిచి కొడితే కొరకవు, కానీ రేకు కొస బయటికి ఉండకూడదు. ప్రతి పెట్టెకూ ఉలితో నంబరు చెక్కి, ఏ తల్లికి వాడారో పుస్తకంలో రాయండి. ఏ పెట్టెలో పిల్లలు పోతున్నాయో అప్పుడే తెలుస్తుంది.

గినీ పిగ్‌లు కూడా పెంచుతుంటే

గినీ పిగ్ పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరిచి పుడతాయి కాబట్టి వాటికి పిల్లల పెట్టె అక్కర్లేదు. దాక్కోవడానికి చెక్క గూడు మాత్రం కావాలి. శుభ్రం చేసే పద్ధతి ఇదే. కుందేళ్లు వాడిన పెట్టెను వాటికి ఇవ్వవద్దు. కుందేళ్లలో పైకి కనిపించకుండా ఉండే కొన్ని ఊపిరితిత్తుల జబ్బులు గినీ పిగ్‌లకు ప్రాణాంతకం.

పిల్లలు చనిపోతుంటే సొంతంగా మందులు వేయకుండా, తాజా పెంటికను శుభ్రమైన డబ్బాలో పశువైద్యశాలకు తీసుకెళ్లి పరీక్ష చేయించండి. ఆ రోజే పెట్టెను కూడా ఒకసారి తిరగేసి చూడండి.