ఆల్బరీ గేర్‌బాక్సు చివరి రోజులు

ఆటోమేటిక్ గేర్‌బాక్సు చెప్పాపెట్టకుండా చావదు. మొదట రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు క్షణం తటపటాయిస్తుంది. తర్వాత ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తుంది గానీ బండి లాగదు. ఆ దశలో డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డకి తుడిస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ ముదురు గోధుమరంగులో ఉంటుంది, మాడు వాసన కొడుతుంది. ఆస్ట్రేలియాలో ఎన్నో ఫోర్డ్ ఫాల్కన్ యూట్ల కథ అలాగే ముగిసింది.

యూట్ అంటే ముందు కారు, వెనక తొట్టి. 1930లలో విక్టోరియా రాష్ట్రంలోని ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందని చెబుతారు: ఆదివారం చర్చికి వెళ్లడానికీ, సోమవారం పందుల్ని సంతకి తోలడానికీ పనికొచ్చే బండి ఒకటి కావాలని. జీలాంగ్‌లోని ఫోర్డ్ ఫ్యాక్టరీలో లూయిస్ బ్యాండ్ట్ అనే యువ డిజైనర్ ఆ బండి గీశాడు. 1934లో అది రోడ్డెక్కింది. 1987లో ఆయన తాను మరమ్మతు చేసుకున్న పాత యూట్‌ని నడుపుతూ, ప్రమాదంలో ఆ బండిలోనే పోయాడు.

ఫాల్కన్ పేరుతో యూట్ 1961లో వచ్చింది. తర్వాత చాలాకాలం దాని ఆటో గేర్‌బాక్సు మాత్రం వేరే ఊరిది. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా సరిహద్దున ముర్రే నది ఒడ్డునున్న ఆల్బరీది. అక్కడ బోర్గ్‌వార్నర్ కంపెనీ పెట్టిన ఫ్యాక్టరీ తర్వాత బీటీఆర్ కంపెనీ చేతికొచ్చింది. వాళ్ల నాలుగు గేర్ల బాక్సు 1989లో ఫాల్కన్ కార్లలోకి వచ్చింది, ఆపై యూట్లలోకీ చేరింది. గట్టి సరుకు. వేడి మాత్రం దానికి పడదు.

నలభై డిగ్రీల ఎండలో వెనక కారవాన్ కట్టుకుని కొండెక్కుతున్న బండిని ఊహించుకోండి. తొంభై డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి మన్నే ఆయిల్, నూట ఇరవై దాటితే త్వరగా చెడుతుంది. చెడిన ఆయిల్ క్లచ్ ప్లేట్లని సరిగా పట్టించదు, ప్లేట్లు జారతాయి, జారితే ఇంకా వేడి. అక్కడి నుంచి పతనమే. గేర్‌బాక్సు అడుగునుండే పాన్ విప్పితే, అందులోని అయస్కాంతం మీద పల్చటి బూడిదరంగు ముద్ద కనిపించడం మామూలే. నల్లటి పొడి, మెరిసే లోహపు పెచ్చులు కనిపిస్తే మాత్రం ఆయిల్ మార్చి పంపించేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పైగా పాన్ దించితే సగం ఆయిల్ కూడా రాదు. మిగతాది చాలావరకు, ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్యనుండే టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. మాడింది తీసి కొత్తది పోసినందువల్లే గేర్‌బాక్సు పోయిందని గోల పెట్టేవాళ్లున్నారు. పోయింది ముందే; కొత్త ఆయిల్ ఆ సంగతిని బయటపెట్టిందంతే.

ఇంకో చావు ఇంతకన్నా దొంగచాటుది. గేర్‌బాక్సు ఆయిల్‌ని చల్లబరిచే గొట్టం రేడియేటర్ తొట్టిలోనే ఉంటుంది. అది లోపల పగిలితే కూలెంట్ ఆయిల్‌లో కలిసి గులాబీరంగులో విరిగిపోతుంది. అక్కడి మెకానిక్‌లు దాన్ని స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ అంటారు. క్లచ్ ప్లేట్ల మీది పొర ఉబ్బి ఊడొస్తుంది. ఇక అంతా విప్పి కొత్త ప్లేట్లు, కొత్త సీళ్లు వేయాలి, కన్వర్టర్, రేడియేటర్ రెండూ మార్చాలి. ఒక్క పాత రేడియేటర్ ముందే మార్చి ఉంటే ఇంత ఖర్చు తప్పేది.

గేర్‌బాక్సుకి పట్టిన గతే దాన్ని చేసిన ఊరికీ పట్టింది. యజమానులు మారారు. అయాన్ అనే కంపెనీ చేతికొచ్చిన కొద్దికాలానికే, 2004 డిసెంబరులో, ఆ కంపెనీయే అప్పుల్లో కూలిపోయింది. డీఎస్ఐ పేరుతో ఫ్యాక్టరీ మళ్లీ లేచి ఆరు గేర్ల బాక్సు తయారు చేసింది. మన మహీంద్రా స్కార్పియో ఆటోమేటిక్‌లో బిగించింది అదే. కొరియా కార్ల కంపెనీ సాంగ్‌యాంగ్ దానికి పెద్ద ఖాతాదారు. 2009 తొలినాళ్లలో సాంగ్‌యాంగ్ దివాలా తీయగానే డీఎస్ఐ కూడా కుప్పకూలింది. ఆ ఏడాదే చైనా కార్ల కంపెనీ గీలీ దాన్ని కొనుక్కుంది. కొన్నేళ్లకి ఆల్బరీలో తయారీ ఆగిపోయింది. నాకైతే అది కొనుగోలులా కాక, పాత బండిని విప్పి పనికొచ్చే భాగాలు పట్టుకెళ్లినట్టే అనిపిస్తుంది.

ఫోర్డ్ సంగతీ అంతే. 2013 మేలో తయారీ ఆపేస్తామని చెప్పింది. 2016 జులైలో మెల్‌బోర్న్ శివారు బ్రాడ్‌మెడోస్‌లో ఆఖరి ఫాల్కన్ యూట్, అక్టోబరు 7న ఆఖరి కారు తయారయ్యాయి. 2017 అక్టోబరులో టొయోటా, హోల్డెన్ ఫ్యాక్టరీలు కూడా మూతపడ్డాయి. ఇవాళ అక్కడి రోడ్ల మీద తిరిగే యూట్లు చాలావరకు థాయ్‌లాండ్ నుంచి వచ్చినవే.

మెల్‌బోర్న్ చుట్టుపక్కల ఇంకా పాత ఫాల్కన్ యూట్ నడిపే మనవాళ్లు ఉంటే ఒక్క మాట. డిసెంబరు ఎండలు రాకముందే ఆయిల్ రంగు చూడండి, వాసన చూడండి. రేడియేటర్ బండితో వచ్చిన పాతదే అయితే మార్పించి, విడిగా కూలర్ పెట్టించండి. పాడైన గేర్‌బాక్సుని బాగుచేసే షెడ్లు ఉన్నాయి గానీ, కొత్తది చేసిచ్చే ఫ్యాక్టరీ ఇక లేదు.