తీరాన మంచినీళ్ళు

కొండగట్టుకు సముద్రం చాలా దూరం. మా జగిత్యాల, కోరుట్ల దిక్కు నీళ్ళ చరిత్ర అంటే చెరువులు, బోర్లు, శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ. బావి ఎండిందా, నిండిందా అన్నదే మాకు తెలిసిన ప్రశ్న. కోస్తా బావికి మూడో గతి కూడా ఉంది. నిండుగానే ఉంటుంది, నోట్లో పోసుకోలేం.

దీని వెనక లెక్క పాతదే. తీరంలో భూమి కింద మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. 1888లో గీబెన్, 1901లో హెర్జ్‌బర్గ్ విడివిడిగా ఇదే తేల్చారు: సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే, కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. అంటే పైన ఒక మీటరు తోడేస్తే, కింద ఉప్పు 40 మీటర్లు ఎగబాకగలదు. దానికి తోడు నేలమీద ఉప్పునీటి చెరువులు తవ్వితే ఉప్పు పైనుంచి కూడా ఇంకుతుంది.

1990ల మొదట్లో మన కోస్తాలో సరిగ్గా ఇదే జరిగింది. 1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ తెచ్చింది. ఆటుపోట్ల గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టుబాట్లు పెట్టింది. అదే కాలంలో నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగాయి. 1994లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి చాలామంది పెట్టుబడులు ఊడ్చిపెట్టుకుపోయాయి. తీరం ఊళ్ళకు మాత్రం అంతకుముందే నష్టం మొదలైంది. నెల్లూరు జిల్లా కుర్రు అనే మత్స్యకారుల ఊళ్ళో తాగునీరు పాడైంది. ఆడవాళ్ళు గొడవ చేస్తే ట్యాంకర్లు వచ్చాయి.

తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1996 డిసెంబర్ 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పునిచ్చారు. నియంత్రణ ప్రాంతంలోనూ, పులికాట్, చిలికా సరస్సులకు వెయ్యి మీటర్ల లోపలా రొయ్యల పరిశ్రమ చెరువులు ఉండకూడదన్నారు. సంప్రదాయ పద్ధతుల సాగును వదిలేశారు. పని పోయే కూలీలకు ఆరేళ్ళ జీతం పరిహారంగా ఇవ్వమన్నారు. కోర్టు ముందుంచిన నీరీ సంస్థ లెక్క ప్రకారం, ఆంధ్రలో ఈ సాగు తెచ్చిన రాబడికి సుమారు నాలుగు రెట్లు నష్టం.

తర్వాత రివ్యూ పిటిషన్లు పడ్డాయి, కూల్చివేతలు ఆగాయి. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. అందులో 27వ సెక్షన్ చూడండి. 1991 నోటిఫికేషన్‌లోని నిషేధాలు తీరప్రాంత ఆక్వాకల్చర్‌కు వర్తించవన్న వాక్యాన్ని చేర్చి, అది 1991 ఫిబ్రవరి 19 నుంచీ అక్కడే ఉన్నట్టు భావించాలంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పాత తేదీతో కోడ్ మార్చి చరిత్రను తిరగరాస్తే మా టీమ్ లీడ్ ఊరుకోడు. ఇక్కడ చట్టమే ఆ పని చేసింది. తీర్పు ఏ పునాది మీద నిలబడిందో ఆ పునాదిని వెనక్కి వెళ్ళి మరీ తీసేసింది.

చట్టంలో మంచేమీ లేదని కాదు. రిజిస్ట్రేషన్ పెట్టింది, కొత్త చెరువులకు 200 మీటర్ల దూరం పెట్టింది. 2009 తర్వాత వనామి వచ్చింది. రొయ్యల ఉత్పత్తిలో ఇవాళ ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం. ఎన్నో కుటుంబాలు దీనిమీద బతుకుతున్నాయి. చెరువులన్నీ పూడ్చేయమని అనడం నాలాంటి దూరపువాడికి తేలిక, అక్కడి రైతుకు కాదు.

అయినా ఒక్క మాట. రొయ్య ధరలో మేత ఉంటుంది, కరెంటు ఉంటుంది, ఐస్ ఉంటుంది. పక్క ఊరి బావి ఉండదు. మా దిక్కు ఎండిన బావిని ఒక మంచి వానాకాలం నింపుతుంది. ఉప్పెక్కిన బావి తేరుకోవడానికి ఏళ్ళు పట్టొచ్చు. అన్నాళ్ళూ బిందె పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడేది చెరువు యజమాని కాదు. ఆ లెక్క 1996లో ఒకసారి దేశం ముందుకు వచ్చింది. దాన్ని మళ్ళీ తెరవాల్సిన అవసరం ఇంకా ఉంది.